విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో బోధనా ప్రతిభకు గుర్తింపు

విశ్వవిద్యాలయ గ్రంథాలయమునందు పనిచేయు సిబ్బంది, గ్రంథములను సేకరించి, వర్గీకరించి, పాఠకుని చేతికందించుటతో తృప్తినొందక, ఆ గ్రంథములలోనికి ప్రవేశించు మార్గమును, అనగా సూచీని చదువుట, ప్రామాణిక రచనను అప్రామాణిక రచననుండి వేఱుపఱచుట, పరిశోధన పత్రికలను వెదకుట, పరుల వాక్యమును గైకొన్నపుడు వారి పేరును చెప్పుట మొదలగు విద్యలను విద్యార్థులకును అధ్యాపకులకును నేర్పు కార్యమును గ్రంథాలయ బోధనయందురు. ఈ కార్యమున ప్రావీణ్యము చూపిన వారిని పదోన్నతి రూపమునగాని, పురస్కార రూపమునగాని, అధ్యాపకులతోడి సమాన హోదా రూపమునగాని సత్కరించు పద్ధతులు వివిధ దేశములలో వివిధముగా పెరిగినవి. మన దేశమున ఆ పద్ధతులు ఏ స్థితియందున్నవో, విశేషించి రాయలసీమలోని అనంతపురపు పీఠభూమి వంటి చోట వాని యావశ్యకత యెట్టిదో ఇచ్చట పరిశీలింపబడును.

అనంతపురము వాన కఱవైన సీమ. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనమును అడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును దాటి యింతదూరము వచ్చునప్పటికి బలముడుగుటచేతను, ఈ పీఠభూమిపై ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. కురియునదియు అదను తప్పి కురియుట సామాన్యము. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినందున దత్తమండలములని పేరొందిన ఈ ప్రాంతము, 1876-78 నాటి మహాక్షామమున మిక్కిలి నలిగి, 1882లో బళ్లారినుండి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడెను. ఇచ్చటి ఎఱ్ఱనేలలలో వేరుసెనగయే ముఖ్యమైన పైరు. పైరు చేతికి రాని యేట సేద్యగాండ్ర కుటుంబములు పనికై బెంగుళూరు మొదలగు నగరములకు తరలిపోవుటయు, చదువుకొను బిడ్డలు మాత్రము వసతిగృహములలో నిలిచిపోవుటయు ఇక్కడి పల్లెలకు తెలియని సంగతులు కావు.

అట్టి సీమలో ఉన్నతవిద్యకు పునాది 1916లో స్థాపితమైన దత్తమండల కళాశాలతో పడెను. నేడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలయని పిలువబడు ఆ విద్యాసంస్థలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలము అధ్యాపకత్వము నెరపిరి. 1928లో నంద్యాల సభయందు ఈ ప్రాంతమునకు రాయలసీమయను పేరును సూచించిన చిలుకూరి నారాయణరావుగారును అచ్చటి అధ్యాపకులే. 1946లో మద్రాసులోని గిండీయందు ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురమునకు తరలివచ్చి, జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో భాగమై, 2008లో తానే స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమువారు 1968లో ఇచ్చట నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రము 1976లో స్వయంప్రతిపత్తిని పొంది, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయముగా పరిణమించెను. ఆ యేటనే పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థకు విశ్వవిద్యాలయ హోదా లభించెను. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయమును అనంతపురమునకే వచ్చినది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయములో గ్రంథాలయ, సమాచార శాస్త్ర శాఖ కలదు. కనుక గ్రంథపాలకులను తయారుచేయు పనియు, గ్రంథపాలకులు ఇతరులకు బోధించు పనియు ఒకే ఆవరణలో జరుగుటకు అవకాశమున్నది. ఈ రెండును వేఱువేఱు పనులని గుర్తించుట ఈ విషయమును తెలిసికొనుటకు మొదటి మెట్టు. శాఖలోని ఆచార్యుడు గ్రంథాలయ శాస్త్రమును బోధించును. గ్రంథాలయములోని ఉద్యోగి రసాయనశాస్త్ర విద్యార్థికిని చరిత్ర విద్యార్థికిని వారి వారి శాస్త్రములలో దారి చూపును. మొదటివాని బోధన కాలపట్టికలో కనిపించును, వేతనమున లెక్కకు వచ్చును. రెండవవాని బోధన తఱచుగా ఏ పట్టికకును ఎక్కదు.

అనంతపురపు విశ్వవిద్యాలయములకు వచ్చు విద్యార్థులలో పెక్కుమంది తమ వంశమున కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తాళము వేసిన బీరువాలోని పుస్తకములను అద్దము వెనుకనుండి మాత్రమే చూచి, పరీక్షకు గైడ్లను చదివి, పట్టణమునకు వచ్చిన విద్యార్థి, అరలనిండ గ్రంథములున్న విశాలమైన మందిరములో నిలుచున్నపుడు, ఆ గ్రంథములపై నున్న అంకెలు దేనికో, తనకు కావలసినది ఏ వరుసలో నుండునో, అడిగిన నవ్వుదురేమో యని తడబడును. కంప్యూటరు తెఱపై సూచీ తెఱచి యిచ్చినను, దానిలో ఏ పదమును వ్రాసి వెదకవలెనో తోచదు; తోచిన పదము తెలుగైనచో ఆంగ్లములోనున్న సూచీ దానిని గ్రహింపదు. ఈ మూగ సంకోచమును కనిపెట్టి, దగ్గఱకు వచ్చి, ఆ విద్యార్థి మాటలాడు తెలుగులోనే వెదకు విధమును చెప్పి, రెండవసారి తానై వెదకుకొనునట్లు చేయు ఉద్యోగి చేసిన పని ఏ ఉపన్యాసమునకును తీసిపోదు. ధనవంతమైన నగర విశ్వవిద్యాలయములలో విద్యార్థికి ఇంటిలోనే మఱియొక గురువు, మఱియొక సాధనము దొరకవచ్చును. కఱవు సీమలో గ్రంథాలయపు కౌంటరు వెనుక నున్న మనిషియే పెక్కుమందికి ఆ రెండును. కావుననే ఈ బోధనకు గుర్తింపు అన్ని చోట్లకంటె ఇచ్చట ముఖ్యతరమని మా నిశ్చయము.

గ్రంథాలయ విద్యకు తరగతిగది రూపము వచ్చినది పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున. మెల్విల్ డ్యూయీ 1887లో న్యూయార్కులోని కొలంబియా కళాశాలయందు గ్రంథపాలకులకు శిక్షణాలయమును తెఱచెను. మన దేశమున బరోడా సంస్థానాధీశుడు రప్పించిన అమెరికా దేశస్థుడు బోర్డెన్ 1911లోను, లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున డికిన్సన్ 1915లోను శిక్షణ తరగతులను నడపిరి. తెలుగుదేశమున ఈ చరిత్ర విశ్వవిద్యాలయములతో గాక ప్రజలతో మొదలైనది. 1914 ఏప్రిలులో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి ప్రయత్నమున ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన సమావేశమై సంఘముగా ఏర్పడిరి. కర్నూలు జిల్లావారగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ యుద్యమమును నడపుచు, వయోజన విద్యను గ్రంథాలయముతో ముడిపెట్టిరి. గ్రంథాలయము చదువనేర్చినవాని కొఱకే కాదు, చదువనేర్పుటకును అని వారు ఆచరణమున చూపిరి. రాత్రిబడులును, ఊరూర ఉపన్యాసములును, కాలువలపై సాగిన పడవ గ్రంథాలయములును ఆ భావమునుండి పుట్టినవే. విశ్వవిద్యాలయ గ్రంథాలయములు ఈ వారసత్వమును తగినంతగా తలపునకు తెచ్చుకొనలేదు. గ్రామ గ్రంథాలయపు కార్యకర్తకు బోధన సహజధర్మమై యుండగా, విశ్వవిద్యాలయపు ఉద్యోగికి అది అదనపు పనిగా మారుట విచారకరము. ఆంధ్ర విశ్వవిద్యాలయము మాత్రము 1935లోనే గ్రంథాలయ శాస్త్రమున శిక్షణను ప్రారంభించి, ఈ దిశయందు దేశమున ముందు నడచిన వానిలో నొకటియయ్యెను.

ఈ విషయమున శియాళి రామామృత రంగనాథన్ స్థానము ప్రత్యేకముగా పేర్కొనదగినది. ఆయన వృత్తిచే గణితాధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయపు మొదటి గ్రంథపాలకుడుగా నియమితుడైనపుడు, పాఠకులు లేని ఆ మందిరపు నిశ్శబ్దమునకు విసిగి, తిరిగి ప్రెసిడెన్సీ కళాశాలలోని తరగతికి పోవలెనని తహతహలాడెను. లండనుకు పోయి అచ్చటి గ్రంథాలయములు జనజీవనములో ఎట్లు కలిసియున్నవో చూచిన తరువాతనే ఆయన మనసు ఈ వృత్తియందు స్థిరపడెను. తరగతిని విడిచి వచ్చిన ఆ యధ్యాపకుడు గ్రంథాలయమునే తరగతిగా మార్చెనని చెప్పవచ్చును. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘము పక్షమున వేసవి పాఠశాలను నడపెను. 1931లో విశ్వవిద్యాలయము దానిని స్వీకరించెను. 1937లో అది డిప్లొమా విద్యగా పెరిగెను. 1931లో వెలువడిన ఆయన పంచసూత్రములలో పాఠకుని కాలమును కాపాడవలెనన్నది ఒకటి. రెఫరెన్సు సేవను గూర్చిన గ్రంథములో ఆయన, క్రొత్తగా చేరిన విద్యార్థికి గ్రంథాలయమును పరిచయము చేయుటను ఒక విధమైన దీక్షగా భావించి, దానికి ప్రత్యేక స్థానమిచ్చెను. నేడు ఓరియెంటేషన్ అని పేరుపెట్టి ఒక మధ్యాహ్నపు గంటలో ముగించు కార్యమును ఆయన ఎంత గంభీరముగా తలచెనో దీనివలన విశదమగును.

రంగనాథన్ చేసిన మఱియొక మేలు హోదాకు సంబంధించినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యూజీసీ, 1957లో ఆయన యధ్యక్షతన నియమించిన గ్రంథాలయ సమితి, విశ్వవిద్యాలయ గ్రంథపాలకునికి ఆచార్యునితో సమానమైన స్థానమును, ఆతని సహాయకులకు తక్కిన అధ్యాపకులతో సమానమైన స్థానములను సూచించెను. జీతమున సమానత్వము క్రమముగా సమకూడినది. కాని జీతపు సమానత్వము బోధకత్వపు సమానత్వము కాదు. అధ్యాపకుని ఏటి పనిని కొలుచునపుడు మొదటి ప్రశ్న ఎన్ని తరగతులు చెప్పెనని. గ్రంథపాలకుని విషయమున ఆ ప్రశ్న చిరకాలము అడుగబడనే లేదు.

యూజీసీవారు 2018లో ప్రకటించిన నియమావళిలో ఆ ప్రశ్నకు చిన్నచోటు దొరకినది. గ్రంథపాలకుల పదోన్నతికి ఏర్పఱచిన పట్టికలో మొదటి అంశము హాజరు: నూటికి 90 పాళ్లు, అంతకు మించిన హాజరుకు 'బాగు' అను శ్రేణి లభించును. రెండవది గ్రంథాలయ కార్యములపైగాని, నిర్ణీత గ్రంథములపైగాని సదస్సులు, వర్క్‌షాపులు నిర్వహించుట. మఱియొకటి గ్రంథముల నిల్వ లెక్కకు సంబంధించినది. వేఱొకదానియందు పలు పనులు కూర్పబడినవి: సూచీని కంప్యూటరుకెక్కించుట లేక గ్రంథాలయ జాలమును పెంపొందించుట, సమాచారము పాఠకులకు చేరు ఏర్పాట్లు, ప్రవేశముల పరీక్షల పరిపాలనలో తోడ్పాటు, పాఠకులకై స్వల్పకాలిక పాఠ్యక్రమములను రూపొందించి నడపుట, ఒక పరిశోధన పత్రమును ప్రకటించుట. ఇందు ఏ రెండు చేసినను మేలైన శ్రేణి వచ్చును. బోధన ప్రభుత్వ నియమములలో చోటు పొందుట సంతోషింపదగినదే. ఐనను, అది ఆ పనులలో నొకటియై, ఐచ్ఛికమై నిలిచినది. ఒక గ్రంథపాలకుడు ఏ విద్యార్థికిని ఏమియు నేర్పకయే, ప్రవేశముల కాలమున దరఖాస్తులను సరిచూచి, ఒక పత్రమును ప్రకటించి, ఆ శ్రేణిని పొందవచ్చును. పాఠ్యక్రమము నడపినవానికిని అది ఎంత చక్కగా నడపెనో చూపుటకు పట్టికలో గడి లేదు. నడపెనా లేదా యనునదే లెక్క. నిపుణ బోధకుని, పేరునకు మాత్రమే పాఠము చెప్పినవానిని ఈ కొలబద్ద ఒకే గీతపై నిలుపుచున్నది.

ఇంతలో బోధన భారము మాత్రము పెరిగినది. యూజీసీ 2009 నియమములచే సిద్ధాంత గ్రంథములను విద్యుద్రూపమున సమర్పించుట విధియైనది. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము వానిని శోధగంగయను భాండాగారమున భద్రపఱచుచున్నది. 2018 నాటి గ్రంథచౌర్య నిరోధ నియమములు పోలికలకు మెట్లు విధించినవి: నూటికి 10 వఱకు పోలిక క్షమ్యము, 40 వఱకైన సిద్ధాంత గ్రంథమును సవరించి ఆరునెలలలో తిరిగి సమర్పింపవలెను, 60 వఱకైన ఒక సంవత్సరము పాటు సవరించిన ప్రతిని సమర్పించుటకు వీలులేదు, అంతకు మించినచో పరిశోధకుని నమోదే రద్దగును. ఇంతటి పర్యవసానముగల పరీక్షను నిర్వహించు సాధనము సాధారణముగా గ్రంథాలయపు చేతిలో నుండును. నివేదికను చేతబెట్టుకొని కంపించుచు వచ్చిన పరిశోధక విద్యార్థికి, ఏ పోలిక దోషమో, ఏది ఉద్ధరణ చిహ్నములలోని న్యాయమైన ఉద్ధరణమో, స్వంత వాక్యమున చెప్పుట యెట్లో కూర్చుండబెట్టి వివరించువాడును గ్రంథాలయోద్యోగియే. 2019 చివర యూజీసీ పీహెచ్‌డీ విద్యార్థులందఱకును పరిశోధన, ప్రచురణ నీతిపై 30 గంటలు, రెండు క్రెడిట్ల పాఠ్యాంశమును విధించెను. అందలి స్వేచ్ఛా ప్రచురణ, దత్తాంశ నిధులు, పరిశోధన ప్రమాణముల భాగములు గ్రంథపాలకునికి స్వక్షేత్రములే. ఆ గంటలు ఆతడు చెప్పినయెడల, ఆతని పేరు పాఠ్యక్రమ పట్టికలో అధ్యాపకులతో పాటు అచ్చగుట గుర్తింపులలో మిక్కిలి సులభమైనది; అందులకు క్రొత్త నియమము గాని, ధనము గాని అవసరము లేదు.

2025 జనవరినుండి అమలులోనికి వచ్చిన 'ఒకే దేశము, ఒకే చందా' పథకము ఈ యావశ్యకతను మఱింత పెంచినది. ముప్పదిమంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు లభ్యమైనవి. నిన్నటిదాక ఢిల్లీకో, బెంగుళూరుకో పోయి చదువవలసిన పత్రికలు నేడు అనంతపురపు గ్రంథాలయములో తెఱచుకొనును. తెఱచుకొనుట వేఱు, చదువగలుగుట వేఱు. ఆ రెంటి నడిమి దూరమును తగ్గించు పనికి చందాల పద్దులో స్థానము లేదు.

న్యాక్ సంస్థ విద్యాలయములకు శ్రేణుల నిచ్చునపుడు గ్రంథాలయమును గూర్చి అడుగు ప్రశ్నలు కంప్యూటరీకరణము, ఇ-వనరుల చందాలు, ఏటి వ్యయము, దినమునకు వచ్చు పాఠకుల సంఖ్య మొదలగు వానిపై నున్నవి. ఇవి అన్నియు అవసరమైన లెక్కలే. కాని వేరుసెనగ పండించు అనంతపురపు రైతు ఏటి మొత్తపు వానను చూచి సంతసింపడు. ఊడలు దిగు వేళకు నేల పదునుగా నుండెనా యని చూచును, ఏలయన ఆ వేళ నేల గట్టిపడినయెడల తరువాత ఎంత వాన కురిసినను కాయ పట్టదు. అటులనే గ్రంథాలయములోనికి ఎందఱు వచ్చిరను లెక్కకంటె, పరిశోధనాంశము నెంచుకొను నెలలలో, మొదటి వ్యాసము వ్రాయు వారములలో, వారికి కావలసిన మాట సకాలమున అందెనా యనునదే బోధనకు కొలమానము కావలెను.

పరదేశములలో ఈ కొలమానమును ఏర్పఱచు ప్రయత్నములు కొన్ని జరిగినవి. అమెరికాలోని ఎర్ల్‌హామ్ కళాశాలయందు ఎవన్ ఫార్బర్ 1962నుండి మూడు దశాబ్దములు గ్రంథపాలకుడుగా నుండి, అధ్యాపకునితో కలిసి కూర్చుండి, విద్యార్థికి ఇచ్చు అభ్యాసమునందే గ్రంథాలయ విద్యను పొదిగించు పద్ధతిని నెలకొల్పెను. 1974లో పాల్ జుర్కోవ్‌స్కీ సమాచార సాక్షరతయను భావమును ప్రవేశపెట్టెను. కళాశాల, పరిశోధన గ్రంథాలయముల అమెరికా సంఘము 2000లో ప్రమాణములను, తరువాత 2015లో విస్తృత చట్రమును రూపొందించెను. ఆ సంఘమే మిరియం డడ్లీయను కాలిఫోర్నియా గ్రంథపాలకురాలి పేర, గ్రంథాలయ బోధనలో విశిష్టులకు పురస్కారము నిచ్చుచున్నది. ఇంగ్లండులోని మార్గము వేఱు: ఉన్నతవిద్యా బోధకులకు ఇచ్చు వృత్తి సభ్యత్వమును గ్రంథాలయ సిబ్బందియు పొందవచ్చును, అందులకు తమ బోధననుండి నిదర్శనములను, తాము నేర్చుకొన్న సంగతులను వ్రాసి సమర్పింపవలెను. పురస్కారము ఏటికొకరికి అందును. సభ్యత్వము అర్హులందఱకును అందును. మన విశ్వవిద్యాలయములకు ఈ రెండవ మార్గమే తగినదని మేము తలంతుము. భారత గ్రంథాలయ సంఘము 1933లోను, గ్రంథాలయ శాస్త్రాధ్యాపకుల సంఘము 1969లోను ఏర్పడి, ఉత్తమ గ్రంథపాలకులను, ఉత్తమాచార్యులను సత్కరించుచున్నవి. ఐనను గ్రంథాలయమున కూర్చుండి బోధించు ఉద్యోగి ఈ రెండు తెగల నడుమ నిలిచిపోవుచున్నాడు.

ఒక విశ్వవిద్యాలయము తనంత తాను ఈ గుర్తింపును నెలకొల్పదలచినచో చూడవలసిన నిదర్శనములు దుర్లభములు కావు. పాఠమునకు ముందు విద్యార్థి వెదకిన తీరును, తరువాత వెదకిన తీరును పోల్చవచ్చును. సిద్ధాంత గ్రంథముల చివరి ఆధార గ్రంథ పట్టికలు ఏటేట ఎట్లు మాఱుచున్నవో పరిశీలింపవచ్చును. సహోద్యోగి ఒకరు పాఠమును విని అభిప్రాయము వ్రాయవచ్చును. ఉద్యోగి తయారుచేసిన తెలుగు కరపత్రములను, అభ్యాస పత్రములను భద్రపఱచి, వానిని ఇతర కళాశాలలు వాడుకొన్న విధమును గమనింపవచ్చును. హాజరుపట్టీలును ఛాయాచిత్రములును మాత్రము నిదర్శనములు కావు. నేడు సమర్పింపబడు నివేదికలలో అవియే మిక్కుటము.

గుర్తింపు ఎవరికి అను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. యూజీసీ పట్టిక సహాయ గ్రంథపాలకుడు, ఉప గ్రంథపాలకుడు, విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు అను మూడు తరగతులకే వర్తించును. కౌంటరువద్ద పుస్తకము లిచ్చు అసిస్టెంటు, అరలు సర్దు అటెండరు, ఒప్పందముపై పనిచేయు కంప్యూటరు ఉద్యోగి ఆ పరిధిలోనివారు కారు. క్రొత్త విద్యార్థి మొదటి ప్రశ్న అడుగునది అధికారి గదిలో కాదు, అరల నడుమ ఎదురుపడిన ఆ అటెండరునే. సాయంకాలపు వేళ పఠనమందిరమున ఇ-వనరులలోనికి ప్రవేశించు విధమును చూపునది ఆ ఒప్పందపు ఉద్యోగియే. వీరికి శిక్షణనిచ్చి, బోధించుటకు గంటలు కేటాయించి, ఆ గంటలను సర్వీసు పుస్తకమునగాని, ఒప్పందపు పునరుద్ధరణ పత్రమునగాని నమోదు చేయు అధికారము ప్రతి విశ్వవిద్యాలయపు పాలకమండలికి నేడును కలదు.